అచ్చు అక్షరాల ఉత్తరాలు

కోరుట్ల బస్టాండుకు ఎదురుగా మెడికల్ షాపు పక్కన మెట్ల కింద ఒక గది ఉండేది. గది అనడం కూడా ఎక్కువే. సరిగ్గా నిలబడితే తల పైమెట్టుకు తగిలేది. అందులో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, రెండు స్టూళ్లు, నేను. పదమూడేళ్లు అక్కడే కూర్చున్నాను. బయట బోర్డు మీద "తెలుగు, ఇంగ్లిష్, హిందీ డీటీపీ చేయబడును" అని ఉండేది. హిందీ నాకు రాదు. బోర్డు రాసినాయన అన్ని షాపులకూ అలాగే రాసేవాడట, నాకూ రాసిపోయాడు. నేనూ చెరపలేదు.

మాది మల్యాల దగ్గర పల్లె. మా బాపు, అంటే నాన్న, కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. పదో తరగతి కాగానే జగిత్యాలలో టైపు నేర్చుకుంటానంటే "ఆడిపిల్లకు గీ టిక్కుటిక్కు పని ఎందుకే" అన్నవాళ్లు చాలామందే ఉన్నారు. మా బాపు అనలేదు. పొద్దున్నే బస్సెక్కి జగిత్యాలలో దిగి, మొదట టైపు మిషను, తర్వాత కంప్యూటరు నేర్చుకున్నాను. అక్కడ మా సారు మొదటి రోజే చెప్పాడు: "కంప్యూటర్‌కు తెలుగు రాదమ్మ. అచ్చినట్టు మనం మోసం జేత్తం, గంతే."

ఆ మోసం ఏమిటో కొంచెం చెప్పాలి, లేకపోతే ముందు ముందు చెప్పేది తలకెక్కదు. అప్పటి ఫాంటు అంటే చిన్న చిన్న గదులున్న పెట్టె. ఒక్కో గదికి ఒక నంబరు. ఆ గదులన్నీ ఇంగ్లిష్ అక్షరాల కోసం కట్టినవి. తెలుగు ఫాంటు చేసినవాళ్లు ఆ అక్షరాల బొమ్మలు తీసేసి వాటి జాగాలో మన బొమ్మలు కూర్చోబెట్టారు. మనవి పూర్తి అక్షరాలు కూడా కావు, ముక్కలు. తలకట్టు ఒక గదిలో, దీర్ఘం ఒక గదిలో, ఒత్తులు వేరే, కొమ్ములు వేరే. గదులు తక్కువ, మన గుణింతాలు ఎక్కువ, పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు. మేం ఆ ముక్కలు ఏరుకొచ్చి పక్కపక్కన పేర్చి అక్షరం కట్టేవాళ్లం. మ కావాలంటే వ కొట్టి పక్కన కొమ్ము తగిలించడమే. తెర మీద చూస్తే మ. కాగితం మీద చూసినా మ. కంప్యూటరు కడుపులో మాత్రం ఏవో రెండు ఇంగ్లిష్ గుర్తులు.

వాళ్ల మోసం చాలదని నా సొంత మోసాలు కూడా కొన్ని ఉండేవి. ఆ ఫాంటులో సున్న పీలగా, లేచి నిలబడినట్టు ఉండేది. అంకెల్లో ఉండే సున్న గుండ్రంగా, నిండుగా ఉండేది. అందుకని అందం కావలసిన చోటల్లా అంకె సున్నే కొట్టేదాన్ని. కోరుట్ల చుట్టుపక్కల ఆ రోజుల్లో అచ్చయిన పెళ్లికార్డులు ఎవరి ట్రంకుపెట్టెలోనైనా ఉంటే తీసి చూడండి, "ఆహ్వానం"లో ఉన్నది అక్షరం కాదు, అంకె. ఎవరికి తెలుస్తుంది? చూపుకు ఒకటిగా ఉంటే చాలు, లోపల ఏదైతే నాకేం అనుకునేదాన్ని.

నా పని మీద నాకు పొగరుండేది. ఉండదా మరి. తప్పుల్లేని తెలుగు కావాలంటే మెట్ల కింది మేడం దగ్గరికే పోవాలని పేరు. బటర్ పేపరు మీద ప్రింటు తీసి, వెలుతురుకు పట్టుకుని, ఒత్తు ఒక్క వెంట్రుకంత పక్కకు జరిగినా మళ్లీ తీసేదాన్ని. వేడి వేడి కాగితం వాసన, బయట బస్సుల హారన్లు, కరెంటు పోగానే యూపీఎస్ కుయ్యిమని మొత్తుకోవడం, ఆ కుయ్యి ఆగేలోపల గబగబా ఫ్లాపీలో భద్రం చేసుకోవడం. ఇప్పుడు తలుచుకుంటే ఆ మెట్ల కింద బతికినంత హాయిగా మళ్లీ ఎక్కడా బతకలేదనిపిస్తుంది. అప్పుడేమో నడుం నొప్పి అని తిట్టుకునేదాన్ని.

పెళ్లికార్డులు, కరపత్రాలు పోగా మిగతా పనంతా దుబాయిదే. మా దగ్గర దుబాయి అంటే ఒక ఊరు కాదు. మస్కట్ పోయినా, సౌదీ పోయినా దుబాయి పోయిండనే అంటారు. పోయేవాళ్ల కాగితాలు, పోయి చిక్కుకున్నవాళ్ల కాగితాలు. అక్కడ చనిపోయినవాళ్ల శవాన్ని తెప్పించమని కలెక్టరు గారికి అర్జీలు కూడా. ఆ అర్జీ ఒకటి తయారుగా పెట్టుకున్నాను, పేరూ ఊరూ మార్చడమే. ఒకసారి వెల్గటూరు, ఒకసారి బోయినపల్లి, ఒకసారి మా మల్యాల. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న ఆడమనిషి ఏడుస్తుంటే నేను ఊరి పేరులో దీర్ఘం సరిగ్గా పడిందో లేదో చూసుకునేదాన్ని. అలవాటైపోయింది. అలా అలవాటైనందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆమె వచ్చింది ఒక ఎండాకాలం. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. చేతులకు తంబాకు వాసన, గోళ్ల అంచులు పసుపు తిరిగి ఉన్నాయి. బీడీలు చేసే ఆడవాళ్ల చేతులు అలాగే ఉంటాయి, చెప్పక్కరలేదు.

"చెల్లె, ఉత్తరం టైపు గొడ్తవా?" అంది.

"ఉత్తరం టైపెందుకక్కా? ఎవలతోనన్న రాపిచ్చుకోరాదు?"

"మా ఆయనకు చేతిరాత చదువరాదు. పేపరు చదువుకుంట అక్షరాలు నేర్సుకున్నడు. అచ్చు అక్షరాలైతే గడగడ చదువుతడు. చేతిరాతైతే ఒక్కొక్కటి కూడుకుంట కూసుంటడు. పక్కోనితోని చదివిచ్చుకుంటే మా ముచ్చట్లు క్యాంపంత తెలుత్తయి."

"క్యాసెట్ నింపి పంపరాదు? అందరు గట్లనే పంపుతుండ్రు."

"క్యాసెట్ వెడ్తే రూముల పదిమంది ఇంటరు" అని నవ్వింది. నవ్వి, స్టూలు లాక్కుని కూర్చుంది.

ఆమె భర్త సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాడు. ఆ రోజుల్లో సిరిసిల్ల నుంచి మంచి మాట వచ్చేది కాదు. సాంచాలు ఆగిపోయాయని, ఎవరో ఉరేసుకున్నారని, ఇదే. ఆయన ఏడాది పిల్లను, ఈమెను కోరుట్లలో ఈమె తల్లిగారింట్లో దింపి దుబాయి పోయాడు. ఈమె బీడీలు చేస్తూ, నెలకోసారి బీడీల కార్ఖానాకు వచ్చినప్పుడు నా దగ్గరికి వచ్చి ఉత్తరం కొట్టించుకునేది. గోడకేసి చూస్తూ మాట్లాడేది, నా వైపు చూసేది కాదు. ఆమె చెప్పింది నేను కొట్టేదాన్ని. అయిపోయాక చదివి వినిపించేదాన్ని. "మంచిగ రాసినవ్ చెల్లె, సదువుకున్నోళ్ల ఉత్తరం లెక్కున్నది" అని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో పెట్టుకునేది. తెర మీద ఉన్న అక్షరాల్ని ఒక్కోసారి వేలితో తాకేది. "గియ్యన్నీ నా మాటలేనా?" అని అడిగేది. "నీయే" అనేదాన్ని.

పదకొండు ఉత్తరాలు కొట్టాను. ఆ తర్వాత ఆమె రాలేదు. ఊరికి పోయిందేమో అనుకున్నాను. రెండు నెలలకు కార్ఖానాకు వచ్చే ఇంకొకామె చెప్పింది, పచ్చకామెర్లతో పోయిందని. భర్త రాలేకపోయాడట, పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉందట. ఆ రోజు షాపు తొందరగా మూసేసి మా ఊరి బస్సెక్కాను. ఎందుకంత ఏడ్చానో తెలియదు. మాకు చుట్టం కాదు, దోస్తూ కాదు. నెలకోసారి స్టూలు మీద కూర్చుని తన ఇంటి సంగతులన్నీ నా చెవిలో పోసిపోయేది, అంతే.

ఉత్తరాలు మాత్రం చెరపలేదు. "బీడీలక్క" అని ఒక ఫోల్డరు ఉండేది. కంప్యూటరు పాతబడి అమ్మేసినప్పుడు మిగతా వాటితో పాటు ఒక సీడీలోకి ఎక్కించాను. తర్వాత చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాయి, ఉత్తరాలు పోయాయి, ఇంకొన్నాళ్లకు పెళ్లికార్డులు కూడా ఫోన్లలోనే తిరగడం మొదలైంది. మెట్ల కింది గదిలో ఇప్పుడు ఫోన్లకు అద్దాలు అతికిస్తున్నారు. నేను జగిత్యాలలో ఇంట్లో కూర్చుని పుస్తకాలకు ప్రూఫులు దిద్దుకుంటున్నాను. తప్పులు పట్టే రోగం అంత సులువుగా పోదు.

నిరుడు వానాకాలం ఒక ఆదివారం ఒక అమ్మాయి వచ్చి తలుపు కొట్టింది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు ఉంటాయి.

"మేడం, కోరుట్ల బస్టాండుకాడ డీటీపీ జేసింది మీరేనా? మా అవ్వ మీతోని ఉత్తరాలు కొట్టిచ్చేదంట. ఆడి ఫోన్ల షాపోళ్లు మీ ఇల్లు జెప్పిండ్రు."

మా దగ్గర అవ్వ అంటే అమ్మ. ముఖం చూస్తే ఏమీ గుర్తు రాలేదు. బీడీలు, సిరిసిల్ల, దుబాయి అని ఆమె చెప్పుకుంటూ పోతుంటే ఎవరి బిడ్డో తెలిసింది. కూర్చోమన్నాను.

ఆ అమ్మాయి ఇప్పుడు సిరిసిల్లలో బట్టలు కుట్టే కార్ఖానాలో పనిచేస్తోంది. తల్లి పోయేనాటికి ఆమెకు రెండేళ్లు. తండ్రి పనిచేసే కంపెనీ మూతపడితే, కాగితాల్లేకుండా దాక్కుని దాక్కుని పనులు చేసి, చివరికి దొరికిపోయి కట్టుబట్టలతో తిరిగొచ్చాడు. పెట్టె అక్కడే పోయింది, ఉత్తరాలు అందులోనే పోయాయి. తిరిగొచ్చి మళ్లీ సాంచాల మీదే కూర్చున్నాడు.

"బాపు మా అవ్వ ముచ్చట దియ్యడు మేడం. ఎన్నడు దియ్యడు. మొన్న నా ఫోన్ల తెలుగు మెసేజ్ చదువుకుంట, మీ అవ్వ ఉత్తరాలు గిట్లనే అచ్చు అక్షరాలల్ల ఉంటుండె అన్నడు. గదే మొదటిసారి." ఆమె సంచి ఒళ్లోకి లాక్కుంది. "నా కాడ అవ్వ ఫోటో ఒక్కటున్నది. గొంతు ఎట్లుండేనో తెల్వది. ఏం మాట్లాడేదో, ఎట్ల మాట్లాడేదో, గా ఉత్తరాలల్లనన్న సూద్దామని అచ్చిన."

"మీ అవ్వ నన్ను చెల్లె అనేది. నువ్వు మేడం అనకు" అన్నాను.

"సరే చిన్నమ్మ" అంది వెంటనే, ఆ మాట కోసమే చూస్తున్నట్టు.

సీడీ దొరకడానికి ఒక పూట పట్టింది. దాన్ని చదివే డ్రైవు దొరకడానికి ఇంకో వారం. రిపేరు షాపు అబ్బాయి పాత సామాను మూటలోంచి ఒకటి తీసి ఇచ్చాడు. ఫోల్డరు తెరిచాం, పదకొండూ ఉన్నాయి. ఒకటి తెరిస్తే తెరంతా ఇంగ్లిష్ అక్షరాలు, కొక్కేలు, డాలరు గుర్తులు, గీతలు. కోడి కాళ్లతో కెలికినట్టుంది. ఆ అమ్మాయి నా మొహం చూసింది.

"ఖరాబయినయా చిన్నమ్మ?"

కాలేదు. పెట్టెలో గదులు అలాగే ఉన్నాయి, బొమ్మలు లేవు, అంతే. ఆ ఫాంటు నడవాలంటే అప్పట్లో కంప్యూటరు వెనక తగిలించే తాళం ఒకటి ఉండేది, అది పాత కంప్యూటరుతోనే పోయింది. నెట్‌లో అడిగితే వేరే ఫాంటులను మార్చే సాధనాలు దొరికాయి, మాది ఎవరికీ పట్టని ఫాంటు. ఇక చేత్తో చేయాల్సిందే అన్నాను. చేయగలనని నమ్మకం లేదు, కానీ నా పని నాకు రాదని ఆ పిల్ల ముందు ఎలా అంటాను.

ఇప్పటి ఫోన్లలో ఉండే తెలుగు వేరు. దాన్ని యూనికోడ్ అంటారు. అక్కడ ఒకరి గదిలో ఇంకొకరు దొంగగా కూర్చోరు. ప్రతి అక్షరానికీ సొంత నంబరు. అ అంటే 0C05, క అంటే 0C15. జగిత్యాలలో క నంబరు ఏదో మస్కట్‌లోనూ అదే. నేను నోటుబుక్కు తీసి నిలువుగా గీత కొట్టాను. ఎడమ పక్క పాత ఫాంటు గది నంబరు, కుడి పక్క యూనికోడ్ నంబరు. పాత గదుల నంబర్లు నాకు బుర్రలో లేవు, వేళ్లలో ఉన్నాయి. కళ్లు మూసుకుని బల్ల మీద "క" కొట్టినట్టు కొడితే వేలు ఏ మీట మీద పడుతుందో చూసి, దాని నంబరు రాసుకునేదాన్ని. ఇన్నేళ్ల తర్వాత కూడా వేళ్లు మరిచిపోలేదు. ఎంత సంబరమైందో!

ఆ అమ్మాయి ఆదివారం ఆదివారం సిరిసిల్ల నుంచి బస్సులో వచ్చి పక్కన కూర్చునేది. ప్రోగ్రాము రాయడం నాకు రాదు. ఒక్కో నంబరు పట్టుకుని వెతుకు, మార్చు, మళ్లీ వెతుకు, మార్చు. మొదటి ఉత్తరం మొత్తం మార్చి చూస్తే "మాట" అని ఉండాల్సిన చోట "వూట" అని ఉంది. "మన" అన్నది "వున" అయింది. వ ముక్కకు కొమ్ము తగిలించి మ అనిపించాను కదా, కంప్యూటరు ఉన్నదున్నట్టు చదివింది. దానికేం తెలుసు నా మోసం. సరే, ఆ జంటను ముందే పట్టుకుని "మ"గా మారుద్దామని మార్చాను. ఈసారి "చదువు" కాస్తా "చదమ" అయింది, "బరువు" "బరమ" అయింది. ఆ అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. "మా అవ్వకు చదమ రాదు గద చిన్నమ్మ, గందుకే" అంది. నేనూ నవ్వాను.

"ప్రియమైన"లో క్రావడి, అదే ర ఒత్తు, ఎడమ నుంచి చుట్టుకుని వస్తుంది కనుక పాత ఫాంటులో ముందు దాన్ని కొట్టి తర్వాత ప కొట్టేవాళ్లం. యూనికోడ్‌లో అక్షరం ముందు, ఒత్తు వెనక. దాంతో క్రావడులన్నీ అక్షరం కంటే ముందు వచ్చి గాలిలో వేలాడాయి. ఇక నా అందాల సున్నలు! "అందరు"లో, "సంగతి"లో, "ఎండ"లో అంకెలు వచ్చి కూర్చున్నాయి. ఒక్కోటీ పట్టుకుని ఏరుతుంటే, చూపుకు ఒకటిగా ఉంటే చాలనుకున్న ఆ పిల్లను, అంటే నన్ను, నాలుగు వాయించాలనిపించింది.

నాలుగు ఆదివారాలకు పదకొండు ఉత్తరాలూ శుభ్రంగా తేలాయి. మంచి కాగితం మీద ప్రింటు తీసి ఆమె చేతిలో పెట్టాను. వెలుతురుకు పట్టుకుని చూసుకున్నాను కూడా, ఒక్క ఒత్తు జరగలేదు. పొగరు మళ్లీ తలెత్తింది.

ఆ అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి చదివింది. "ప్రియమైన శ్రీవారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమంగా ఉన్నాము. మీరు కూడా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. పాప నడక నేర్చుకుంది. గడప దాటుతూ పడిపోతోంది. మీరు దేనికీ బెంగ పెట్టుకోకండి. ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి." రెండోది చదివింది, మూడోది చదివింది. నాలుగోది చదవకుండానే కాగితాలు కిందికి దించింది.

"మా అవ్వ గిట్ల మాట్లాడేదా చిన్నమ్మ?"

"ఎట్ల?"

"గిట్ల, టీవీల వార్తలు చదివినట్టు."

నాకు కోపం వచ్చింది. నెల రోజులు కళ్లు పోయేలా కూర్చుంటే ఇదా అడిగేది అనిపించింది. "ఉత్తరమంటే గట్లనే రాత్తరు బిడ్డా. ముచ్చట వెట్టినట్టు రాత్తరా?" అన్నాను గట్టిగానే. ఆ అమ్మాయి కాగితాలు ఒద్దికగా సర్ది సంచిలో పెట్టుకుంది. "మంచిగ జేసినవ్ చిన్నమ్మ" అంది. మొహంలో మాత్రం ఏమీ లేదు. అంత దూరం నుంచి తల్లిని చూద్దామని వస్తే ఎవరో పరాయి మనిషి తలుపు తీసినట్టు నిలబడింది.

ఆ అమ్మాయి పోయాక ఉత్తరాలు మళ్లీ తెరిచి చదివాను. బీడీలక్క చెప్పింది నేను కొట్టేదాన్నని పైన రాశాను. అది నిజం కాదు. ఆమె చెప్పింది ఒకటి, నేను కొట్టింది ఒకటి. ఆమె "అచ్చిండు" అంటే నా వేళ్లు "వచ్చారు" అని కొట్టేవి. మా ఇంట్లో, మా బాపుతో, నేనూ "అచ్చిండు" అనే అంటాను. కానీ అచ్చులో ఆ మాటలు పెడితే తప్పు అని జగిత్యాలలో టైపు నేర్చిన నాటి నుంచి మెదడులో మేకులా దిగిపోయింది. ఆమె మాటలను దిద్దుతున్నానని కూడా నాకు తెలియదు. తప్పుల్లేకుండా కొడుతున్నాననుకున్నాను. ఇది కూడా చూడండి, ఆ భాషలోనే రాస్తున్నాను. చెయ్యి వేరేదానికి రాదు.

ఆ వారమంతా ఇంకో పట్టిక వేశాను. ఎడమ పక్క "వచ్చాడు", కుడి పక్క "అచ్చిండు". "చేస్తున్నాను", "చేత్తున్న". "అక్కడ", "ఆడ". మూడు పేజీలయింది. దాన్ని పట్టుకుని ఒక ఉత్తరం మార్చి చదువుకుంటే అది ఆమె కాదు. అది నేను, మల్యాల పక్క పల్లెలో మా బాపుతో మాట్లాడుతున్న నేను. ఆమె ఏ మాట వాడిందో, ఎక్కడ ఆగిందో, ఎక్కడ నవ్విందో ఏ నంబరులోనూ లేదు. కాగితాలు చించేశాను. ఒక మనిషి బిడ్డ కోసం మిగిల్చిన పదకొండు ఉత్తరాలనూ నేనే పాడుచేశానని అర్థమైంది. ఆ పిల్లకు ఫోన్ చేసి చెప్పడానికి మూడుసార్లు నంబరు నొక్కి, మూడుసార్లూ పెట్టేశాను.

చివరికి ఆమే చేసింది. "చిన్నమ్మ, బాపుకు ఉత్తరాలిత్త. గిన్నొద్దులు ధైర్యం జాల్లే. నువ్వు గూడ రా" అంది. తప్పు ఒప్పుకోవడానికి ఫోను కంటే ఎదుట పడడమే నయమని బయలుదేరాను.

సిరిసిల్లలో వాళ్ల ఇల్లు ఒక సందులో ఉంది. సందులోకి తిరగగానే సాంచాల చప్పుడు. ముందు గదిలో రెండు సాంచాలు, వాటి మధ్య ఆయన. బక్కపలచని మనిషి, భుజం మీద పత్తి నూగు. నన్ను చూసి సాంచాలు బంద్ చేశాడు. ఒక్కసారిగా ఇల్లంతా నిశ్శబ్దమైంది. "కూసో చెల్లె" అన్నాడు. ఆయన భార్య నన్ను పిలిచిన పిలుపే.

కాగితాలు చేతిలో పెట్టి బిడ్డ చెప్పింది, ఇవి ఏమిటో. ఆయన కళ్లద్దాలు తెమ్మన్నాడు. పెట్టుకుని, మొదటి కాగితం మోకాళ్ల మీద పరుచుకుని, మొదటి వరుస వదిలేసి రెండో వరుస కింద వేలు పెట్టి పైకి చదవడం మొదలుపెట్టాడు. సాంచాల చప్పుడుకు చెవులు మందగించిన మనిషి, గొంతు కొంచెం పెద్దది.

"ఈడ మేం మంచిగనే ఉన్నం. నువ్వు మంచిగున్నవనుకుంటున్న."

తప్పు చదువుతున్నాడనుకున్నాను. దిద్దబోయి, పాడు అలవాటు, నోరు మూసుకున్నాను. ఆయన వేలు మెల్లగా జరుగుతోంది, అక్షరం అక్షరం మీద నుంచే జరుగుతోంది.

"పోరి నడుత్తుంది. కడప దాటుకుంట బొక్కబోర్ల వడుతుంది. మల్ల లేత్తుంది. నువ్వేం రంది వెట్టుకోకు. పానం మంచిగ సూస్కో."

రంది! బెంగ అని నేను కొట్టిన చోట ఆమె అన్నది రంది. ఆ మాట దగ్గర ఆమె గొంతు దిగేది, చెయ్యి ఒళ్లో పడేది. నాకు అంతా ఒక్కసారిగా యాదికొచ్చింది. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది.

ఆయన రెండు ఉత్తరాలు అలాగే చదివాడు. మూడోది తీస్తుంటే బిడ్డ అడిగింది.

"బాపు, అండ్ల గట్ల లేదు గద."

"ఏం లేదు?" అన్నాడు ఆయన. కాగితాన్ని దగ్గరికి పట్టుకుని చూశాడు, నా వైపు చూశాడు. "గిట్లనే ఉన్నది. క్యాంపుల గూడ గిట్లనే చదువుకునేటోన్ని. మీ అవ్వ గిట్లనే మాట్లాడుతుండె."

బిడ్డ ఆయన మోకాలి దగ్గరికి జరిగింది. "మరి పైన లైను ఇడిసిపెట్టినవ్? ప్రియమైన శ్రీవారికి అనున్నది. గది అవ్వ ఏమన్నది?"

ఆయన సిగ్గుపడ్డాడు. అరవైకి దగ్గర పడిన మనిషి, పెళ్లికొడుకులా తల వంచుకున్నాడు. నేనున్నానని మొహమాటం. కళ్లద్దాలు తీసి తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు. వేలు మొదటి వరుస మీదకు తెచ్చాడు.

"ఇగో" అన్నాడు. "ఇగో, ఇంటున్నవా. గంతే. పేరు వెట్టి ఎన్నడు పిల్వలే నన్ను."

ఇగో. ప్రతి నెలా స్టూలు మీద కూర్చోగానే, గోడకేసి చూస్తూ, ఆమె మొట్టమొదట అన్న మాట అదే. నన్నే పిలుస్తోందనుకుని, మీటల మీద నుంచి చేతులు తీసి, "ఆఁ, చెప్పక్కా" అని ప్రతిసారీ నేనే పలికాను.